బఠానీ వచ్చిన వేసవి

రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన ఆ రెండు కాగితాలు ఇప్పటికీ మా బీరువాలో, ఇంటి పత్రాల సంచిలోనే ఉన్నాయి. మడతల దగ్గర చిరిగితే వెనకవైపు టేపు అతికించాను. పైన ఎర్ర పెన్నుతో "బఠానీ విషయాలు" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసి ఉంటాయి. రాసింది పన్నెండేళ్ళ పిల్లవాడు. 2015 జూన్ మొదటి వారంలో, మహబూబ్‌నగర్‌లోని వాళ్ళ ఇంటి గుమ్మంలో నిలబడి వాటిని నా చేతిలో పెట్టాడు. బఠానీ అనే ఆ పిట్ట మా అమ్మాయి కోసమని తెలిసినా, కాగితాలు మాత్రం దానికి ఇవ్వలేదు. పెద్దవాళ్ళయితే పారేయరని అనుకున్నాడేమో.

"1. రాత్రి దుప్పటి కప్పాలి. ఒక మూల తెరిచి ఉంచాలి. మొత్తం చీకటైతే భయపడి రెక్కలు కొట్టుకుంటాడు.

2. ఎర్ర చెంబు చూపించవద్దు.

3. పేరు పెట్టి పిలిస్తే రాడు. ఈల వేస్తే వస్తాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది."

ఇలా పంతొమ్మిది విషయాలున్నాయి. ఆఖరి దానికి అంకె వేయలేదు. అక్షరాలు కూడా కొంచెం వంకరపోయాయి. "బడి నుంచి వచ్చాక ముందు వాడితో మాట్లాడాలి. తర్వాతే మనం తినాలి."

బఠానీ కాకటీల్ అనే చిన్న చిలుక జాతి పిట్ట. నిజానికి మా అమ్మాయి అడిగింది కాకటీల్‌ను కాదు. ఆ పేరే దానికి తెలియదు. అంతకు ముందు దసరా సెలవుల్లో దాన్ని పిల్లలమర్రికి తీసుకువెళ్ళాం. దాదాపు 700 ఏళ్ళ మర్రి, మూడెకరాల మేర పరుచుకున్న ఊడలు. మా చిన్నప్పుడు బడివాళ్ళు ఏటా అక్కడికే విహారానికి తీసుకువెళ్ళేవారు కాబట్టి ఆ చెట్టును నా కూతురికి చూపించాలని నాకు ఎంతో ఆశ. అదేమో చెట్టును చూడలేదు. పొద్దువాలే వేళ గుంపుగా వచ్చి పై కొమ్మల్లో వాలిన రామచిలుకలనే చూసింది. తిరుగు ప్రయాణమంతా ఒకటే పాట: "అమ్మా, ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి."

"వద్దు" అన్నాను. నా గొంతు కటువుగా వచ్చిందని నాకే తెలిసింది. ఎందుకు వద్దన్నానో దానికి చెప్పడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

మా ఊరు దేవరకద్ర వైపు. నా చిన్నతనంలో ఊరి చుట్టూ పచ్చజొన్న చేలు ఉండేవి. కంకి పాలుపోసుకునే రోజుల్లో బడి లేకపోతే నాయనమ్మతో కలిసి మంచె ఎక్కేదాన్ని. ఆమె చేతిలో వడిసెల, నా చేతిలో రేకు డబ్బా. తెల్లవారగానే చిలుకల దండు దిగేది. చిలుక ఒక కంకి మీద కుదురుగా కూర్చుని తినదు. నాలుగు గింజలు ఒలుచుకుని, మిగిలినది కొరికి కింద పడేసి ఇంకో కంకికి పోతుంది. "తిన్నదానికి కాదమ్మా, పారేసినదానికి నా ఏడుపు" అనేది నాయనమ్మ.

అదే నాయనమ్మ, ఇంటికి వచ్చాక, చూరుకు వేలాడే పంజరం ముందు నిలబడి "రాముడూ, తిన్నావా నాన్నా" అని అడిగేది. చేలో దొంగ అయిన పిట్టే ఇంట్లో బిడ్డ. మా వీధిలోనే అలాంటి పంజరాలు నాలుగు ఉండేవి.

రాముడు మా ఇంటికి వచ్చింది 1984 మాఘమాసంలో. నాకు తొమ్మిదేళ్ళు. తాళ్ళు గీసే మామ ఒకాయన, తల విరిగిపోయిన తాటిచెట్టు తొర్రలో దొరికిందని తెచ్చి నా పావడాలో వేశాడు. ఒంటి నిండా ఈకలు ఇంకా ముళ్ళలాగే ఉన్నాయి. జొన్న గంజి వేలితో తాగించాం. కొంచెం పెరిగాక పెరుగన్నం పెట్టాం. పాలచక్కెరను అరిగించుకునే శక్తి పక్షుల కడుపుకు ఉండదని నేను తెలుసుకునేసరికి ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. మిరపకాయ తింటే మాటలు వస్తాయని నాయనమ్మ రోజూ ఒక పచ్చిమిరపకాయ ఇచ్చేది. అది మాత్రం రాముడికి మహా ఇష్టం. పక్షి నోటికి మిరప కారం తెలియదు. మనకు మంట పుట్టించే పదార్థం వాటి నాలుకను తాకినా తాకనట్టే. రాముడు కాయను ఒక కాలితో పట్టుకుని, గింజలు ఒక్కొక్కటే తీసుకుని తింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఎగిరిపోకుండా ఒక పక్క రెక్క ఈకలు కత్తిరించారు. అందరూ అలాగే చేసేవారు. తలుపు కిర్రుమంటే "ఎవరదీ?" అని అచ్చం నాయనమ్మలా అనేవాడు. పంజరం గుండ్రంగా, చిన్నగా ఉండేది. తోక ఎప్పుడూ ఊచలకు రాసుకుని చివర చీలిపోయి ఉండేది.

మరుసటి ఏడు దసరా దాటాక ఒక మధ్యాహ్నం పంజరం తలుపు నేనే తీశాను. తులసికోట మీద కూర్చోబెట్టి స్నానం చేయిద్దామని. చెంబుతో నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పిల్లి. ఆ రెక్క కత్తిరించకపోయి ఉంటే ఎగిరి కొప్పు మీద వాలేవాడు. మగ రామచిలుకకు మెడ చుట్టూ నలుపూ గులాబీ రంగూ కలిసిన వలయం వస్తుంది. అది రావడానికి మూడేళ్ళ వయసు దాకా పడుతుంది. మా రాముడు అంత కాలం బతకలేదు. రాముడో సీతో కూడా మాకు తెలియకుండానే పోయాడు.

ఇదంతా నా కూతురికి చెప్పాను. మన నేల మీద పుట్టిన చిలుకలను పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పాను. చట్టం మాట దానికి పట్టలేదు. "తొర్రలో వాళ్ళమ్మ వెతుక్కుందా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ తర్వాత అది చిలుక మాట ఎత్తలేదు. అలా ఎత్తకపోవడమే నన్ను కదిలించింది. వేసవి సెలవుల్లో మా వారి స్నేహితుడొకరు ఫోను చేసి, మహబూబ్‌నగర్‌లో తమకు తెలిసిన కుటుంబం ఉత్తరాదికి బదిలీ మీద వెళ్ళిపోతోందనీ, వాళ్ళ దగ్గర మూడేళ్ళ కాకటీల్ ఉందనీ, డబ్బు తీసుకోరు గానీ పిల్లలున్న మంచి ఇల్లు కావాలంటున్నారనీ చెప్పారు.

నేను వెంటనే ఒప్పుకోలేదు. వారం రోజులు తెలుసుకున్నాను. కాకటీల్ ఆస్ట్రేలియా పక్షి. మన దగ్గర దొరికేవి తరతరాలుగా మనుషుల మధ్యే పుట్టి పెరుగుతున్నవి. ఏ తొర్రలోంచీ ఎత్తుకొచ్చినవి కావు. బరువు తొంభై గ్రాములు అటూ ఇటూ. ముక్కు చిన్నది. కరిస్తే నొప్పి పుడుతుంది గానీ పిల్లల వేలికి పెద్ద గాయం కాదు. పెద్ద జాతి చిలుకలు నలభై, యాభై ఏళ్ళు బతుకుతాయి, వాటి అరుపుకు వీధి లేస్తుంది, ముక్కు ఎముకను పట్టేంత బలంగా ఉంటుంది. అవి పిల్లల పక్షులు కావు. కాకటీల్ కూడా బాగా చూసుకుంటే పదిహేను నుంచి ఇరవై ఏళ్ళు ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు అలాంటి పక్షిని తెచ్చి ఇచ్చామంటే, ఆ పిల్ల చదువులకు వెళ్ళిపోయాక కూడా గింజలు వేసేది తల్లే. ఆ సంగతి నాతో నేను ముందే ఒప్పందం చేసుకున్నాకే సరే అన్నాను.

వాళ్ళ ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాం. పెద్దవాళ్ళు మాతో మర్యాదగా మాట్లాడారు. అడగవలసినవన్నీ అడిగింది ఆ పిల్లవాడే. "మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్లు ఎన్ని? వాడు బయట ఉన్నప్పుడు ఆపుతారా? కిటికీలకు జాలీ ఉందా? ఎవరికైనా ఉబ్బసం ఉందా? వాడి ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుంది, రోజూ తుడవాలి, తుడుస్తారా?" మా వారు ఒక్కొక్కదానికీ ఓపికగా జవాబిచ్చారు. తర్వాత నా వైపు తిరిగి "పిల్లి ఉందా ఆంటీ?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. మా అమ్మాయే "లేదు, మా అమ్మ రానివ్వదు" అంది.

బఠానీ బూడిద రంగు పిట్ట. ముఖం పసుపు. చెంపల మీద ఎవరో నారింజ రంగు వేలిముద్ర వేసినట్టు రెండు బొట్లు. నెత్తిన తురాయి. ఉడికించిన బఠానీలకు పరుగెత్తుకుంటూ వస్తాడని ఆ పేరు పెట్టారట. పిల్లవాడు చివరిసారి ఈల వేశాడు, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. బఠానీ అలాగే బదులిచ్చాడు. పిల్లవాడు పంజరం మీద పాత నూలు దుప్పటి కప్పి, తాను లోపలికి వెళ్ళిపోయాడు. మేము కారెక్కేటప్పుడు బయటికి రాలేదు.

జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నల్గొండకు నాలుగు గంటల ప్రయాణం. మా అమ్మాయి పంజరాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒకసారి దుప్పటి మూల ఎత్తి చూసి "తురాయి తలకు అంటుకుపోయింది అమ్మా" అంది. భయపడినా, కోపం వచ్చినా అవి తురాయిని అలా వెనక్కి వాల్చేస్తాయి. దేవరకొండ దాటాక అది పిట్టకు కొత్త పేరు పెడతానంది. వద్దన్నాను. ఊరు, ఇల్లు, మనుషులు అన్నీ పోయాయి. వాడి వెంట వచ్చింది ఆ పేరొక్కటే.

మొదటి మూడు వారాలు కష్టంగా గడిచాయి. ఇల్లు మారిన పక్షిని పిల్లలకు తెచ్చేవారు ఎవరైనా ఈ రోజులను గుర్తుపెట్టుకోవాలి. పిల్లలకు పిట్ట మొదటి రోజే భుజం మీద కూర్చోవాలని ఉంటుంది. పిట్ట మాత్రం తనను వదిలేసి వెళ్ళినవాళ్ళ కోసం తలుపు వైపు చూస్తూ ఉంటుంది. బఠానీ రోజూ ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగున్నరకు ఈల వేసేవాడు. ఆ వేళలు ఆ పిల్లవాడు బడికి వెళ్ళేవీ వచ్చేవీ అయి ఉంటాయి. వేసి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. మా అమ్మాయి బదులు ఈల వేయబోతే దానికి గాలి తప్ప ధ్వని వచ్చేది కాదు.

నాలుగో రోజు చెయ్యి లోపల పెడితే వేలు కొరికాడు. అది ఏడుస్తూ వచ్చి "నేనంటే ఇష్టం లేదు" అంది. నేను దాని వేలికి పసుపు రాసి, ఇంకా ఎవరి మీదా ఇష్టం పుట్టలేదని చెప్పాను. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. చెయ్యి పెట్టకూడదు, పిలవకూడదు, పంజరం పక్కన చాప వేసుకుని తన పని తాను చేసుకోవాలి. బడులు తెరిచిన రోజులు కాబట్టి దాని పని చదువే. మూడో తరగతి నుంచి నాలుగుకు వచ్చింది, ఎక్కాలు వెనకబడ్డాయి. రోజూ సాయంత్రం పంజరం పక్కన కూర్చుని పాటలా ఎక్కాలు చదివేది. ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ చిక్కే. ఏడేళ్ళు నలభై తొమ్మిది దాకా గబగబా వెళ్ళి, ఏడెనిమిదుల దగ్గర ఠక్కున ఆగేది. వేళ్ళు లెక్కపెట్టుకుని, గాలి పీల్చుకుని, "యాభై ఆరు" అని గట్టిగా అనేది. బఠానీ ఊచకు దగ్గరగా జరిగి వినేవాడు.

తిండి దగ్గర మాత్రం నాకు మా నాయనమ్మ సాయం చేసిందనే చెప్పాలి. కాకటీళ్ళకు పెట్టే గింజల కంకులని దుకాణంలో ఖరీదైన సంచిలో అమ్ముతున్నవి చేతిలోకి తీసుకుని చూస్తే, అవి మన కొర్ర కంకులే. మా ఊరి నుంచి కట్టలు కట్టలుగా తెప్పించాను. ఒట్టి గింజలే పెడితే, అందులోనూ పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువైతే, కాలేయానికి కొవ్వు పడుతుందని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చూపించినప్పుడు చెప్పారు. తోటకూర, మునగాకు, తురిమిన క్యారెట్ అలవాటు చేశాం. దానికి రెండు నెలలు పట్టింది. పెరట్లోని జామకొమ్మ నరికి పంజరంలో అడ్డంగా పెడితే, నున్నటి కర్ర వదిలేసి దాని మీదే కూర్చునేవాడు, బెరడంతా ఒలిచేవాడు. కాగితంలో పదకొండో విషయం "నాన్‌స్టిక్ పెనం వద్దు." అది చదివి ఆశ్చర్యపోయి తెలుసుకుంటే, ఆ పూత బాగా వేడెక్కితే వచ్చే పొగ మనకు వాసన తెలియకముందే పిట్ట ప్రాణం తీస్తుందట. మా అమ్మ దగ్గర అటక మీద పడి ఉన్న ఇనుప పెనం తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో దోసె దాని మీదే.

ఇరవై మూడో రోజు సాయంత్రం, పంజరం తలుపు తెరిచి ఉండగా, బఠానీ తనంతట తాను బయటికి వచ్చి చాప మీద నడుచుకుంటూ మా అమ్మాయి లెక్కల పుస్తకం ఎక్కాడు. పేజీ అంచు కొరికి చూశాడు. అది కదలలేదు. ఊపిరి కూడా బిగబట్టినట్టుంది. మోకాలి మీదికి, అక్కడి నుంచి మోచేతి మీదికి ఎక్కి, తల వంచి మెడ చూపించాడు. గోకమని. నేను వంటింటి గడపలో నిలబడిపోయాను. పాలు పొంగిపోయాయి.

ఆ నెలలోనే నేను ఒక పని చేశాను. సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను, కానీ తలుచుకుంటే మనసు నొచ్చుకుంటుంది. ఆ పిల్లవాడు ఫోను చేసి బఠానీకి వినిపించమన్నాడు. స్పీకరు పెట్టాం. అవతల నుంచి ఈల వినపడగానే బఠానీ ఫోను చుట్టూ తిరిగాడు, ముక్కుతో దాన్ని ఎత్తి కింద చూశాడు, దాని వెనక్కి వెళ్ళి చూశాడు. ఎక్కడా ఎవరూ లేరు. ఆ తర్వాత రెండు రోజులు సరిగా తినలేదు, రొమ్ము మీది ఈకలు పీక్కున్నాడు. నేను ఆ బాబు తల్లికి ఫోను చేసి, కొన్నాళ్ళు ఆగుదామని చెప్పాను. ఆవిడ "సరేనండీ, వాడికి నేను చెబుతాను" అన్నారు. ఆ మాట ఆ పిల్లవాడికి ఎలా చెప్పారో, అతడు ఎలా విన్నాడో. ఏటా సంక్రాంతికి బఠానీ ఫొటో పంపేదాన్ని. అతడి దగ్గర నుంచి ఒక నమస్కారం బొమ్మ వచ్చేది, అంతే.

మధ్యలో గడిచిన పదేళ్ళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సుఖంగా గడిచిన రోజులకు కథ ఉండదు. బఠానీ కుక్కరు ఈల నేర్చాడు, పాలవాడి సైకిలు గంట నేర్చాడు. మా అమ్మాయి జ్వరంతో పడుకుంటే మంచం కోడు మీద కూర్చుని దిగలేదు. పదో తరగతి పరీక్షలకు అది తెల్లవారుజామున లేస్తే, దుప్పటి కింద నుంచే ఒక చిన్న కూత కూసేవాడు. ఇప్పుడు వాడికి పదమూడేళ్ళు. ఒక కాలు కొంచెం బిగుసుకుంది, కొమ్మను కిందికి దించి కట్టాను. పోయిన వేసవిలో మా అమ్మాయి హైదరాబాదులో కాలేజీలో చేరి హాస్టలుకు వెళ్ళిపోయింది. గింజలు వేసేది నేనే.

అది వెళ్ళిన రెండో వారంలో, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు మగవాడిది. పేరు చెబితే గానీ పోల్చుకోలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. కాసేపు ఆగి, "ఆంటీ, ఇప్పుడు వినిపించవచ్చా?" అన్నాడు. పదేళ్ళు ఆగాడు ఆ ఒక్క మాట అడగడానికి.

ఫోను పంజరం పక్కన పెట్టాను. ఈల వచ్చింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. బఠానీ తురాయి నిక్కబొడుచుకుంది. ఈసారి ఫోను వెనక్కి వెళ్ళలేదు. కొమ్మ మీద నిటారుగా కూర్చుని, అదే ఈల తిరిగి వేశాడు. వేసి, ఆగకుండా తన రెండో పాట అందుకున్నాడు. వరసగా, ఊగుతూ, ఒకే బాణీలో ఏడు ముక్కలు. ఆ తర్వాత ఠక్కున ఆగాడు. ఇల్లంతా నిశ్శబ్దం. మళ్ళీ గట్టిగా ఒక్క ఈల వేసి, మిగిలినవి గబగబా పూర్తి చేశాడు.

"మొదటిది నాదే ఆంటీ" అన్నాడు. గొంతు మారింది. "రెండోదేమిటి?"

"ఏడో ఎక్కం, నాయనా."

"మరి మధ్యలో ఎందుకు ఆగాడు?"

"ఏడెనిమిదుల దగ్గర మా అమ్మాయి ఆగేది" అన్నాను.